పెదవులు కదిపితే చాలు

నీళ్ల మోటార్లు బాగుచేసే ఆయన్ని ఆ పేటలో అందరూ శ్రుతి మేస్త్రి అనేవారు. ఆ పేరు పెట్టినవాడు మెచ్చుకుని పెట్టాడో, ఒళ్లు మండి పెట్టాడో ఎవరికీ తెలీదు. మేస్త్రి మాత్రం దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నాడు.

ఆయన చెవి అలాంటిది మరి. ఎవరైనా మోటారు మోసుకొచ్చి బల్ల మీద పెట్టి, ఏదో అరుస్తోందండీ అంటే, ఎలా అరుస్తోందని ఆయన అడిగేవాడు కాదు. కరెంటు ఇచ్చి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన మోటారు ఒంటికి ఆనించి, పిడి తన చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. అప్పుడు షాపులో ఎవరూ మాట్లాడకూడదు. టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడైనా సరే, ఒక కన్ను తెరిచి చూసేవాడు. కాసేపటికి కరెంటు తీసేసి, వెనక బేరింగు పోయిందనో, షాఫ్టు వంగిందనో తీర్పు చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది. తెచ్చినవాడు నోరెళ్లబెట్టేవాడు. అందుకోసమే కాచుకున్నట్టు మేస్త్రి తల కాస్త ఎడమకు వాల్చి, నూనె మరకల చెయ్యి గుండె మీద పెట్టుకుని, "నాదేముందండీ, అంతా ఆయన చిత్తం" అనేవాడు.

ఆ మాట ఆయన నోట రోజుకి ఎన్నిసార్లు వచ్చేదో లెక్కలేదు. బేరం కుదిరినా అదే, వాన వెలిసినా అదే. తనంత వినయం గలవాడు పేటలో ఇంకొకడు లేడని ఆయనకు గట్టి నమ్మకం. ఆ సంగతి బయటికి చెప్పుకోకపోవడం కూడా తన వినయంలో భాగమేనని ఇంకా గట్టి నమ్మకం.

దేవుడితో ఆయనకు పేచీ ఎన్నడూ రాలేదు. ఎలా వస్తుంది? మనసుపడ్డ పిల్లతోనే పెళ్లయింది. కన్నేసిన వీధిలోనే షాపు దొరికింది. ఉన్న ఒక్క కూతురు తను చెప్పిన చదువే చదివి, తను సరేనన్న ఊళ్లోనే ఉద్యోగం చేసుకుంటోంది. తను కోరిందీ పైవాడు ఇచ్చిందీ ఒకటే అవుతుంటే, నీ చిత్తం స్వామీ అనడానికి నోరేం నొప్పి పుడుతుంది? పొద్దున్నే మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆయన చేసే ప్రార్థన వింటే, పాత పనివాడికి ఆ రోజు పని పురమాయిస్తున్నట్టుండేది. ఫలానా కస్టమరు మనసు మార్చు, ఫలానా వాడి దగ్గు తగ్గించు, మా బావమరిదికి కాస్త బుద్ధి ఇవ్వు. అన్నీ చెప్పి చివర్న, నీకు తెలియనిదేముంది అనేవాడు.

బావమరిదంటే భార్య తమ్ముడు. షాపు వెనక భాగంలో, మాడిపోయిన మోటార్ల కాయిళ్లు విప్పి కొత్త రాగి తీగ చుట్టే పని అతనిది. ఒళ్లు, గొంతు రెండూ పెద్దవి. ముందు బల్ల దగ్గర భార్య కూర్చునేది. వచ్చినవాళ్ల గోడు విని, మోటారుకి చీటీ కట్టి, ఎప్పటికవుతుందో చెప్పేది. ఎప్పటికవుతుందన్నది మేస్త్రి ఎన్నడూ చెప్పకపోయినా ఆమె చెప్పినప్పటికే అయ్యేది. షాపు వెనకే ఇల్లు. వంటగదికీ షాపుకీ మధ్య ఒక్క తలుపు. ఆ తలుపు తీసి ఉంటే కూరలో కాయిళ్లకి పూసే వార్నిష్ వాసన వచ్చేది.

ఆదివారం వచ్చిందంటే ఆ చెవి ఉద్యోగం మారేది. వీధి చివర పాత గోడౌన్ని శుభ్రం చేసి, రేకుల కింద సీలింగు కొట్టించి ప్రార్థన మందిరం చేసుకున్నారు. అక్కడ పాటలు పాడించేది మేస్త్రే. ముందు నిలబడి, ఎవరి గొంతు కిందకి జారుతోందో, ఎవరు తాళం కంటే ముందు పరిగెడుతున్నారో ఇట్టే పట్టేసేవాడు. పాట అయ్యాక ఆ మనిషిని పక్కకి పిలిచేవాడు. పదిమందిలో అనడు, అది ఆయన మర్యాద. భుజం మీద చెయ్యి వేసి, నీ గొంతు దేవుడిచ్చిందే, కాదనను, అయినా నువ్వు వెనక వరసలో కూర్చుని పెదవులు కదిపితే చాలు, ఆయన మనసు చూస్తాడు అనేవాడు. ముసలి వడ్రంగికి ఆ మాటే చెప్పాడు. పాల బూతు నడిపే ఆవిడకీ చెప్పాడు. తాళం కంటే అర అడుగు ముందుండే బావమరిదికీ చెప్పాడు. అలా ఏళ్ల తరబడి ఏరి వెనక్కి పంపిన వాళ్లతో ఆఖరి బెంచీలు నిండిపోయాయి.

అందరికంటే ముందు ఆ మాట విన్నది మాత్రం ఆయన భార్య. పెళ్లయిన కొత్తలో, మొదటిసారి మందిరంలో ఆయన పక్కన నిలబడి, కొత్త చీర కట్టుకున్న ఉషారులో ఆమె గొంతెత్తి పాడింది. ఇంటికొచ్చాక ఆయన చాలా ప్రేమగా, చాలాసేపు నచ్చజెప్పాడు. ఆమె వింది. మరుసటి ఆదివారం నుంచి పెదవులు కదిపింది. ఎంత బాగా కదిపేదంటే, పక్కన నిలబడ్డవాళ్లు ఈవిడ గొంతు ఎంత మెత్తనో అనుకునేవారు. మిగతా విషయాల్లో ఆమె నోటికి ఎవరూ మూత వేయలేదు, మేస్త్రితో సహా.

ఇలా సాగుతుండగా ఒక రోజు ఉదయం మేస్త్రి నిద్ర లేచేసరికి ఎక్కడో సన్నగా ఒక మోటారు తిరుగుతోంది.

బేరింగు పొడిబారిన మోటారు. ఆ కూత ఆయనకు బాగా తెలుసు. ముందు షాపులోకి వెళ్లి చూశాడు, అన్నీ ఆపేసే ఉన్నాయి. మెయిను తీసేశాడు. కూత ఆగలేదు. పై వాటాలో ఉండే నర్సు రాత్రి డ్యూటీ చేసొచ్చి అప్పుడే కన్ను మూసింది. ఆవిడ తలుపు బాది, మీ ఫ్రిజ్జు కంప్రెసరు పోతోంది, ఒకసారి వింటానన్నాడు. ఆవిడ కళ్లు నలుపుకుంటూ పక్కకి జరిగింది. మేస్త్రి ఫ్రిజ్జుకి చెవి ఆనించి, తల అడ్డంగా ఊపి, పక్కింటికి బయలుదేరాడు. అలా వీధిలో సగం ఇళ్ల గోడలు విని, చివరికి అరుగు మీద కూలబడి, ఎందుకో రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసుకున్నాడు. లోకంలోని చప్పుళ్లన్నీ ఆగాయి. ఆ ఒక్క మోటారు మాత్రం ఆగలేదు. అది ఆయన తలలోనే తిరుగుతోంది.

చెవుల డాక్టరు చాలా పరీక్షలు చేసి, వినికిడి నరం ఎండిపోతోందన్నాడు. రెండు వైపులా. ఎడమది తొందరగా, కుడిది నెమ్మదిగా. తిరిగి రాదు. చెవి మిషను పెట్టుకుంటే మాటలు చాలావరకు అందుతాయి. స్వరాలు మాత్రం సరిగ్గా అందవు, ఉన్నది ఒకటైతే వినిపించేది ఇంకొకటి. మేస్త్రి అంతా విని, మరి బాగుచేసేదెప్పుడు అని అడిగాడు. డాక్టరు మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.

ఆ రోజు నుంచి పొద్దుటి ప్రార్థన పొడుగైంది. పని పురమాయింపులన్నీ పక్కకి పోయి, ఒకే పని మిగిలింది. మొదట్లో మేస్త్రి పెద్దగా కంగారుపడలేదు. ఇన్నాళ్లూ పెట్టుకున్న సంబంధం, ఇంతమాత్రం చూసుకోడా అనుకున్నాడు. నెల తిరిగినా ఏమీ జరగకపోయేసరికి కాస్త గట్టిగా అడిగాడు. నీ పాటలు పాడించే చెవి ఇది, నాకోసం అడగడం లేదు, నీకోసమే అడుగుతున్నాను అని గుర్తుచేశాడు. ఆ మాటకి తనకే ముచ్చటేసింది. పైనుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఉన్నా, అది వినిపించే స్థితిలో ఈయన లేడని భార్య అంది గానీ, అది ఆయనకు వినపడలేదు.

అప్పుడు మేస్త్రి దారి మార్చాడు. ఇది పరీక్ష అని కనిపెట్టాడు. పరీక్ష అయితే నెగ్గొచ్చు. మందిరంలో ప్రార్థన చేయించే అయ్యగారితో చెప్పి, ఒక ఆదివారం తన అనుభవం చెప్పుకునేందుకు అనుమతి తీసుకున్నాడు. చెవిలో కొత్త మిషను, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా. కష్టం అంటే దేవుడు మనల్ని వంచే చెయ్యి అన్నాడు. వంగినవాడే దీవెన పొందుతాడన్నాడు. నా చెవులు తీసుకో స్వామీ, నీ చిత్తం, అని చేతులు చాపాడు. ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. లొంగిపోవడం గురించి ఆయన చెప్పడం ఎంతకీ తెగలేదు. ఆపమని అయ్యగారు వెనకనుంచి రెండుసార్లు దగ్గారు. మేస్త్రికి అదీ వినపడలేదు. ఇంటికొచ్చి అన్నం తింటూ, ఎలా ఉంది అని భార్యని అడిగాడు. వాళ్లకి బాగా నచ్చింది, అందామె. తనకి నచ్చిందో లేదో చెప్పలేదు. ఆయన అడగలేదు.

చెవులు అప్పగించాడు గానీ, పాటలు పాడించే పని అప్పగించలేదు. దేవుడు చెవి తీసుకున్నాడు, గొంతు ఉంచాడు, అంటే పాడమనేగా? ఆయన లెక్క ఆయనది. ముందులాగే నిలబడి పాట ఎత్తుకునేవాడు. ఎత్తుకున్న స్వరం ఒక చోట, నడిచేది ఇంకో చోట. కీబోర్డు వాయించే కుర్రాడు వెంటపడి వెతుక్కుని, దొరక్క, చివరికి వేళ్లు మీటల మీద ఊరికే ఉంచి కూర్చునేవాడు.

ఎవరైనా చెప్పాలిగా. ఎవరూ చెప్పలేదు. ఏది శ్రుతో ఏది కాదో ఆ మందిరంలో ఇన్నాళ్లూ తేల్చింది ఆయనే. ఆయన తప్పుతున్నాడని అనుకోవడానికి కూడా జనానికి ధైర్యం చాల్లేదు. మన చెవులే బాగాలేవేమో అనుకున్నారు కొందరు. మిగతావాళ్లకి తెలుసు, కానీ పాపం, అంత గొప్పగా మాట్లాడిన మనిషి. అందుకని ఆయన కిందకి జారితే అందరూ కూడబలుక్కున్నట్టు కిందకి జారేవారు. పైకి పోతే పైకి ఎగబాకేవారు. పొరపాటున ఎవరైనా సరైన స్వరంలో పాడితే, మేస్త్రి చెవికి అదే అపస్వరంగా తగిలి, ఆ మనిషిని వెనక వరసకి పంపేవాడు. అలా మంచి గొంతులన్నీ ఒక్కటొక్కటిగా వెనక్కి పోయాయి. వీధిలో పోయేవాళ్లు నడక ఆపి చూసి, నవ్వు ఆపుకుంటూ పోయేవారు.

షాపులోనూ అదే వరస. మిషను తీసి స్క్రూడ్రైవరు ఆనించుకుంటే, ఏ మోటారైనా ఆయన తలలో తిరిగే మోటారులాగే పలికేది. అన్నిటికీ బేరింగే అనడం మొదలుపెట్టాడు. బావమరిది మాట్లాడకుండా విప్పి, అసలు జబ్బేదో చూసి బాగుచేసి, బేరింగు మార్చానని చెప్పేవాడు. భార్య వచ్చినవాళ్లకి సర్దిచెప్పేది. అక్కా తమ్ముడూ కలిసి ఆయన చెవి ఇంకా ఉన్నట్టే నడిపించారు. చివరికి ఒక పెద్ద భవనం వాళ్ల మోటారు, ఇద్దరూ చూడని సమయంలో, ఏమీ లేదు పొమ్మని ఆయనే పంపేశాడు. అది మర్నాడు మాడి, అంతస్తులన్నిటికీ నీళ్లు ఆగిపోయాయి. ఆ భవనం వాచ్‌మన్ వచ్చి వీధిలో నిలబడి నానా మాటలూ అన్నాడు. మేస్త్రికి సగమే అందాయి. ఆ సగమే చాలా ఎక్కువ.

మందిరం సంగతి తేలిపోయింది ఇంకో రకంగా. వేరే పేట నుంచి ఒక బృందం వచ్చి, కలిసి ప్రార్థన చేద్దామన్నారు. వాళ్లలో పిల్లలున్నారు. మేస్త్రి పాట ఎత్తుకుని, మందిరమంతా ఆయన వెంట కొండెక్కి గోతిలో దూకేసరికి, ఆ పిల్లలకి నవ్వు ఆగలేదు. ఒకరిని చూసి ఒకరు, పిల్లల్ని చూసి పెద్దలు. మేస్త్రి ఆ నవ్వుమొహాలు చూసి, సంతోషంతో పాడుతున్నారనుకుని, ఇంకా ఉషారుగా చేతులు ఊపాడు.

ఆ తర్వాత అయ్యగారు ఊరుకోలేకపోయారు. అలాగని మేస్త్రితో చెప్పే గుండె ఆయనకీ లేదు. మధ్యాహ్నం వేళ షాపుకొచ్చి, మేస్త్రి లోపల ఉన్నాడని చూసుకుని, ముందు బల్ల దగ్గర ఆయన భార్యతో గుసగుసగా మొదలుపెట్టారు. ఇది ఆయన్ని తక్కువ చేయడం కాదన్నారు. ఆయన సేవ ఎవరూ మరిచిపోరన్నారు. ఇన్ని చెప్పి, నువ్వే ఎలాగో చెప్పమ్మా, నీ మాటైతే వింటాడు అన్నారు. నా మాట ఆయనకి వినిపించి ఎన్నాళ్లయిందో మీకు తెలీదు అయ్యగారూ, అని ఆమె లోపలికి వెళ్లింది.

మేస్త్రి బల్ల దగ్గర ఒక మోటారు మూత బిగిస్తున్నాడు. చెవి మిషను తీసి జేబులో పెట్టుకున్నాడు. అది కూతపెడుతోందని ఆయనకు చిరాకు. ఆమె దగ్గరగా వెళ్లి, మెల్లగా, ఆదివారం నుంచి మా తమ్ముడు పాట ఎత్తుకుంటాడట అంది. ఆయన తలెత్తి, ఏంటి అన్నాడు. ఆమె ఇంకాస్త గట్టిగా చెప్పింది. ఆయన మళ్లీ, ఆ? అన్నాడు. మెల్లగా చెప్పాల్సిన మాటే. కానీ మెల్లగా చెబితే వినలేడు. ఆమె ఒకసారి వీధి వైపు చూసింది. టీ బండి దగ్గర జనం ఉన్నారు. అయ్యగారు ఇంకా మెట్ల మీదే ఉన్నారు. గుండెల నిండా గాలి పీల్చుకుని, పెళ్లయిన కొత్తలో మందిరంలో పాడినప్పటి గొంతుతో అరిచింది.

"మీరు వెనక కూర్చుని పెదవులు కదిపితే చాలంటున్నారండీ."

ఈసారి వినపడింది. వీధి మొత్తానికి వినపడింది. టీ బండి దగ్గర గ్లాసులు కడిగే చప్పుడు ఆగింది. మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. ఆయన అడిగింది ఒక్క మాటే.

"ఎవరన్నారు?"

"అందరూ," అందామె. అంటూనే ఏడ్చింది. ఏడుపెందుకు వచ్చిందో ఆమెకే తెలీదు. ఇన్నేళ్లూ లోపల ఎక్కడో ఈ రోజు కోసం ఆకలితో ఎదురు చూసిందేమో. వచ్చాక చూస్తే అందులో తినడానికేమీ లేదు.

మేస్త్రి మందిరానికి వెళ్లడం మానేశాడు. తల ఎడమకు వాల్చడం మానేశాడు. నూనె చెయ్యి గుండె మీదకి పోలేదు. అంతా ఆయన చిత్తం అనే మాట ఆ ఇంట్లో వినపడలేదు. ఎవరైనా ఆ మాట అంటే, అయితే ఆయన్నే వచ్చి మోటార్లు బాగుచేయమను అనేవాడు. పొద్దున్న మోకాళ్ల మీద కూర్చోవడం మాత్రం అలవాటు కొద్దీ మానలేకపోయాడు. కూర్చునేవాడు, నోరు విప్పేవాడు కాదు. మొహం గోడ వైపు. అలిగిన అల్లుడిలా, ఎవరైనా వచ్చి బతిమాలతారేమోనన్నట్టు.

అలా ఎన్నాళ్లో గడిచాక, ఒక పొద్దున ఆయన నోట మాట వచ్చింది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి గట్టిగానే అన్నాడు. వంటగదిలో ఉన్న భార్యకు స్పష్టంగా వినపడింది.

"ఇది నాకు ఇష్టం లేదు."

అంతే. ఆమె పొయ్యి తగ్గించి వింది. మళ్లీ అదే మాట, ఈసారి కాస్త నీరసంగా. నాకు ఇష్టం లేదు, నాకు వినాలనుంది. పురమాయింపు లేదు, ఉపన్యాసం లేదు. చిన్నపిల్లాడు దెబ్బ చూపించినట్టు చెప్పాడు.

మేస్త్రికి ఆ పూట ఒక సంగతి తట్టింది. అది తట్టినందుకు ఆయన సంతోషపడలేదు, పైగా సిగ్గుపడ్డాడు. ఇన్నేళ్లూ నీ ఇష్టం, నీ ఇష్టం అని అప్పగించిందంతా తన ఇష్టమే. తనకి ఇష్టమైంది తనకే జరుగుతుంటే, అందులో అప్పగించింది ఏముంది? ఇప్పుడు మొదటిసారి పైవాడిదొక దారి, తనదొక దారి అయింది. లొంగడమంటూ ఉంటే అది ఇక్కడ మొదలవ్వాలి. ఆ లెక్కన తను ఇంకా ఒకటో తరగతిలోనే ఉన్నాడు. ఆ వయసులో ఒకటో తరగతి బెంచీ ఇరుకుగానే ఉంటుంది.

ఆ రోజు షాపులోకి వచ్చి స్క్రూడ్రైవరు బావమరిది ముందు పెట్టాడు. నువ్వు విను, నేను తీగ చుడతాను అన్నాడు. బావమరిది నమ్మలేక అక్క వైపు చూశాడు. చెవి పోయినవాడికి చేతివేళ్లే చెవులయ్యాయని, ముట్టుకుని జబ్బు చెప్పేవాడని తర్వాత పేటలో కథలు పుట్టాయి. అవన్నీ ఒట్టి మాటలు. ఆయన అదీ ప్రయత్నించాడు. మోటారు మీద చెయ్యి వేసి చెప్పినవి చాలావరకు తప్పాయి. అందుకే తీగ చుట్టడానికి కూర్చున్నాడు. ఒకప్పుడు ఆ పని చెవి లేనివాడు చేసే పని అని తనే అనేవాడు. అదీ సులువుగా రాలేదు. తీగ ఒకదాని మీద ఒకటి ఎక్కేది. తీగ మీది పూత చిట్లేది. బావమరిది వచ్చి, ఇంత బిగించొద్దు బావా, తెగిపోతుంది, వదులుగా పోనీ అని చెయ్యి పట్టుకుని చూపించేవాడు. మేస్త్రి మొహం కందగడ్డలా అయ్యేది. అయినా చెయ్యి ఇచ్చేవాడు.

మళ్లీ మందిరానికి వెళ్లిన ఆదివారం ఆయన ఎవరి మొహమూ చూడలేదు. నేరుగా ఆఖరి బెంచీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. ముసలి వడ్రంగి, పాల బూతు ఆవిడ, తను ఏరేసిన వాళ్లంతా అక్కడున్నారు. ఒక్కరూ దెప్పలేదు. వడ్రంగి కాస్త జరిగి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పాట మొదలైంది. వడ్రంగి పాటల పుస్తకం ఇద్దరి మధ్యా పట్టుకుని, ఎక్కడ పాడుతున్నారో తెలిసేలా మాటల కింద వేలు జరుపుతూ పోయాడు. ఆ వేలిని చూస్తూ మేస్త్రి పెదవులు కదిపాడు. కాసేపయ్యాక పక్కకి చూస్తే, వాళ్ల మెడనరాలు ఉబ్బి ఉన్నాయి. వీళ్లు పెదవులు కదపడం లేదు. గొంతెత్తి పాడుతున్నారు. ఎన్నాళ్ల నుంచి పాడుతున్నారో. ముందు వరసలో ఆయన గొంతు ఎంత పెద్దగా ఉండేదంటే, వెనకాల ఏం జరుగుతోందో ఆ గొప్ప చెవికి ఏనాడూ అందలేదు.

పాట పాడించేది బావమరిదే. తాళం కంటే అర అడుగు ముందే పరిగెడుతున్నాడు. చేతుల ఊపులో మేస్త్రికి అది కనిపిస్తూనే ఉంది. లేచి చెప్పాలని కాళ్లు లాగాయి. బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఆ పూట ఆయన చేసిన ప్రార్థన మొత్తం ఆ పట్టులోనే ఉంది.

కొన్ని వారాలకి భార్య కూడా ముందు వరసలో నిలబడి పాడటం మొదలుపెట్టింది. తమ్ముడే పిలిచాడు. నోరు బాగా తెరిచి, కళ్లు మూసుకుని పాడేది. మేస్త్రి వెనకనుంచి ఆ నోటినే చూసేవాడు. ఆ పాట ఎలా ఉందో ఆయనకిక ఎప్పటికీ తెలీదు. లోపల ఒక ముల్లు. ఒకరోజు తీగ చుడుతూ చుడుతూ బావమరిదిని అడిగాడు, మీ అక్క బాగా పాడుతోందా అని. తప్పు తనదేనని వినడానికి సిద్ధపడే అడిగాడు. బావమరిది అటూ ఇటూ చూసి, వంగి, ఆయన కుడి చెవిలో చెప్పాడు.

"లేదు బావా. ఘోరం. నువ్వు చెప్పింది నిజమే."

మేస్త్రి తీగ ఇంకో చుట్టు చుట్టాడు. ఎంతో కాలం తర్వాత తన చెవే గెలిచింది. ఆ గెలుపు పట్టుకుని ఏం చేసుకోవాలో తోచలేదు. మరి ఎవరూ ఏమీ అనరా అని అడిగాడు. ఎందుకంటారు, అక్కని చూస్తే అందరికీ పాడాలనిపిస్తుంది అన్నాడు బావమరిది. మేస్త్రి నవ్వాడు. షాపు నడిచినన్నాళ్లూ ఆయన అలా నవ్వడం బావమరిది చూడలేదు.

ఇంతటితో ఆయన మహాత్ముడైపోయాడనుకుంటే పొరపాటు. ఆఖరి బెంచీలో కూర్చోవడం అలవాటయ్యేసరికి, ఆఖరి బెంచీ గురించే గర్వం మొదలైంది. కొత్తగా వచ్చి వెనక కూర్చున్నవాళ్లకి, ఇక్కడ ఎలా ఒదిగి కూర్చోవాలో సైగలతో నేర్పబోయాడు. వడ్రంగి ఆయన మోకాలి మీద ఒకటి చరిచాడు. ఆయన ఆపాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ ఆపాడు. కుడి చెవి కూడా వినపడకుండా పోయిన ఏడాది, అయ్యగారు ఆయన ముందు ఒక కాగితం పెట్టి, ఈ ఆదివారం మీ అనుభవం చెబుతారా, దేవుడికి ఎలా లొంగిపోయారో అని రాసి చూపించారు. మేస్త్రి చదివి, కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాడు. ఇంకా కాలేదండీ, అయినప్పుడు చెబుతాను అన్నాడు. అయ్యగారు దాన్ని గొప్ప వినయం అనుకున్నారు. అది ఒట్టి నిజం.

మందిరం నుంచి ఇంటికి ఇద్దరూ నడిచి వచ్చేవారు. దారి పొడుగునా ఆమె మాట్లాడుతూనే ఉండేది. ఆయనకు ఒక్క ముక్కా అందదని ఆమెకు తెలుసు. తెలిసే మాట్లాడేది. పెళ్లినాటి నుంచి ఉన్న లెక్కలన్నీ అందులో తేలిపోయేవి. మధ్యమధ్యలో ఆయన మొహం చూసేది, ఆయన తల ఊపి సరే అనేవాడు. ఇంత వినే మొగుడు పేటలో ఎవరికీ లేడని పై వాటా నర్సుతో చెప్పుకుని నవ్వుకునేది.

అలా సరేనన్న ఒక ఆదివారం తర్వాత, సోమవారం పొద్దున మేస్త్రి తలుపు తీసేసరికి షాపు ముందు నిచ్చెన వేసి ఉంది. రంగులు వేసేవాడు పైకెక్కి, ఆయనకు ఏనాడూ గిట్టని చిలకపచ్చ రంగు గోడకి పూస్తున్నాడు. సగం గోడ అయిపోయింది కూడా. మేస్త్రి భార్య వైపు తిరిగి, ఇదెవరు చెప్పారని చేత్తో అడిగాడు. ఆమె వేలితో ఆయన్నే చూపించింది. అవునా అన్నట్టు కళ్లు పెద్దవి చేశాడు. ఆమె అవునన్నట్టు తల ఊపింది.

ఆయన చాలాసేపు ఆ గోడని చూశాడు. ఏదో అనబోయాడు. పైన రంగులవాడు అటువైపు వంగేసరికి నిచ్చెన కాలు కాస్త కదిలింది. మేస్త్రి అనబోయింది మింగేసి, వెళ్లి నిచ్చెన పట్టుకున్నాడు.